వాసన లేని గది

కిందటి వారం సీసాలు కడిగే గది గుమ్మంలో అక్కను నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం నుంచీ అక్కడే నిలబడి ఉంది. ఆమెను లోపలికి పంపే ముందు, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు ముక్కలు.

ఆ ఫ్యాక్టరీలో చేసే సరుకు ఒకటే, ఉప్పు. కూరలో వేసేది కాదు. మందుల కంపెనీలు కొనుక్కుపోయే తెల్లటి పలుకులు, గంధకం సరుకు. రెండు రకాల నీళ్ళు కలిపితే ఉప్పు అడుక్కు దిగుతుంది. మొదటివి కంపు నీళ్ళు. కుళ్ళిన క్యాబేజీ ఉడకబెట్టినట్టుంటుంది వాటి వాసన. రెండోవి బరువు నీళ్ళు. సీసా చిన్నదే, ఎత్తితే చెయ్యి కిందికి లాగేస్తుంది. వాటికీ ఒక వాసన ఉంది గాని కంపు ముందు అది ఆనదు.

అక్కడ పనిచేసేవాళ్ళ ముక్కులు నెల తిరక్కుండా మొద్దుబారిపోతాయి. అందుకని యజమాని ఒక ముక్కును విడిగా జీతమిచ్చి పెట్టుకున్నాడు. అందరూ ఆయన్ని ముక్కాయన అంటారు. ఆయన అక్క మొగుడు. గేటు పక్క గదిలో ఒంటరిగా కూర్చుంటాడు. వాసన సబ్బు రుద్దుకోడు, ఉల్లిపాయ ముట్టడు, పొగ తాగేవాడి పక్కన నిలబడడు. ఉప్పు ఆరబెట్టే గది తలుపు తీయాలంటే ముందు ఆయన రావాలి. ఆ తలుపుకు వేలు పట్టేంత కన్నం, కన్నానికి బిరడా. బిరడా తీసి, ముక్కు ఆనించి, ఆయన "ఊఁ" అంటే తలుపు తీస్తారు. "ఊహూఁ" అంటే లోపల కంపు లేచిందని లెక్క. ఇంక పురుగు కూడా లోపలికి వెళ్ళదు.

వారం కిందట ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయిన వేళ ఆయన కన్నం దగ్గర వాసన చూశాడు. ఆ గదిలో పనిచేసే అక్క తమ్ముడు లోపలికి వెళ్ళాడు. కాసేపటికి గుమ్మంలో బోర్లా పడి దొరికాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. నాలుక తిరగడం లేదు, నిలబెడితే నిలబడలేడు. యజమాని తాగి పడ్డాడన్నాడు. ముక్కాయన అందరి ముందూ "లోపల ఏ వాసనా లేదు" అని ఒకే మాట మీద నిలబడ్డాడు. తమ్ముడేమో పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టినవాడు కాదు.

ఆ రోజు నుంచి అక్క ఎవరినీ నమ్మడం మానేసింది. ఆరబెట్టే గదిలోంచి మరదలు, అంటే ఆ తమ్ముడి పెళ్ళామే, తువ్వాలు కప్పిన బేసినొకటి మోసుకొస్తూ కంటపడింది. అక్క వెనకే నడిచింది. అక్కడే మనం ఆగాం.

"ఏముందే అందులో?" అంది అక్క.

మరదలు ఉలిక్కిపడలేదు. అదే అక్కకు నచ్చలేదు. ఏ తప్పూ చేయని మనిషి వెనక నుంచి కేక వినబడితే ఉలిక్కిపడుతుంది. సిద్ధంగా ఉన్నవాళ్ళే తాపీగా తిరుగుతారు.

"కడగాల్సిన సామాను వదినా. కడిగే గదిలో ఇంకేముంటుంది, పెళ్ళి సామానా?"

"కడిగే సామానుకు తువ్వాలెందుకు? చలేస్తుందనా?"

మరదలు బేసిను తొట్టి కిందకు తోసి, దానికి అడ్డంగా నిలబడింది. పొట్టి మనిషి. అయినా అడ్డం నిలబడితే గోడలా ఉంటుంది. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, ముందు ప్లాస్టిక్ ఏప్రన్, దాని మీంచి నీళ్ళు కారుతున్నాయి. వెనక బల్ల మీద కడిగిన సీసాలు బోర్లించి ఉన్నాయి. సీసాలన్నీ నల్లగా ఉంటాయి అక్కడ. వెలుతురు తగిలితే ఉప్పు పసుపెక్కిపోతుందని సీసాల నుంచి కిటికీల దాకా అన్నిటికీ నలుపే పులిమారు.

"జరుగు."

"జరగను."

"జరక్కపోతే జరిపిస్తాను. నీకంటే ముందు వాడికి ముద్దలు పెట్టి పెంచిన చెయ్యి ఇది."

"పెట్టారు లెండి. ఆ ముద్దల సంగతి పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నాను. మిగతా ఊరికి ఇంకా తెలీదా ఏంటి?"

అక్క మరదలి భుజం పట్టి పక్కకు లాగి, వంగి, తువ్వాలు పీకేసింది. బేసిన్లో సగానికి నీళ్ళు. అంచున తెల్లగా పొరలా ఎండి ఉంది. అక్క ముక్కుకు ఏమీ తెలియదు, అది ఎప్పుడో పోయింది. వేలు ముంచి, బొటనవేలితో రాసి చూసింది. సబ్బు రాసినట్టు జారింది.

బ్లీచింగ్ నీళ్ళు.

"ఆ గదిలో వీటితో నీకేం పని?"

మరదలు తొడుగు విప్పుకోవడం మొదలుపెట్టింది. ఒక్కో వేలూ లాగి, మళ్ళీ వదిలి, మళ్ళీ లాగి. కాలం గడపడానికి అంతకన్నా మంచి పని లేనట్టు.

"అడుగుతుంటే వినబడ్డం లేదా? మొన్న కూడా ఇవి ఆ గదిలో ఉన్నాయా?"

"ఉన్నాయి. ఇవే అవి, తీసే వీలు ఇవాళే దొరికింది."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

ఆ మాట ఇంత తేలిగ్గా వస్తుందని అక్క అనుకోలేదు. నాలుగు తిట్లు సిద్ధం చేసుకుని వచ్చింది. అవన్నీ మిగిలిపోయాయి.

"మీరిద్దరూ జుట్లు పట్టుకునే ముందు ఆ సీసాలు పక్కన పెట్టండి. పగిలితే కొత్తవి తెప్పించడం నా వల్ల కాదు," అంది వెనక నుంచి ఒక గొంతు.

కెమిస్టమ్మ. వయసులో అక్క కూతురంత ఉంటుంది. ఉప్పు తయారీ అంతా ఆమె చేతి మీదే. ఎంతసేపటి నుంచి గుమ్మంలో ఉందో తెలీదు. ఈ ఫ్యాక్టరీలో ఈ మధ్య అందరూ చడీచప్పుడూ లేకుండా నడవడం నేర్చారు. అక్క అది కూడా గమనించి మనసులో పెట్టుకుంది.

"మేడమ్, మీరే అడగండి. ఆరబెట్టే గదిలో బ్లీచింగ్ నీళ్ళు పెట్టిందట. మొగుడు పడిపోయిన గదిలో. ఎందుకో మాత్రం నోరు విప్పదు."

కెమిస్టమ్మ బేసిను వైపు చూసింది. ముఖంలో రంగు పోయింది. పక్కనున్న ఖాళీ డ్రమ్ము బోర్లించి దాని మీద కూలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది మరదల్ని.

"చలికాలం పోయిన దగ్గర్నుంచి మేడమ్. పొద్దున్నే మురికి ట్రేలు తెచ్చుకోడానికి వెళ్తాను కదా, అప్పుడు పెట్టేదాన్ని. సాయంత్రం తీసేసేదాన్ని. మా ఆయనకు తెలుసు. ఆయనా వద్దనలేదు."

"ఎందుకు?"

"కంపు పోవడానికి." మరదలు అక్క వైపు తిరిగింది. "మీకు తెలీదు వదినా. మీరూ అందులోనే ఉన్నారు, అన్నయ్యగారు ఎలాగూ ఎవరి పక్కనా కూర్చోరు. మా ఆయన బస్సెక్కితే పక్క సీటు ఖాళీ అవుతుంది. దుకాణానికి వెళ్తే వాడు డబ్బులు దూరం నుంచే తీసుకుంటాడు. స్నానం చేస్తాడు, మళ్ళీ చేస్తాడు, తోలు ఊడేదాకా రుద్దుకుంటాడు. ఆ కంపు నీటితో పోయేది కాదు. పిల్ల నాన్న పక్కన పడుకోనంది. ఏమ్మా అంటే ముక్కు మూసుకుంది. ఆ రోజు నుంచి వేరే గదిలో చాప వేసుకుంటున్నాడు. ఒక్క మాట అనలేదు. నవ్వుతూనే వేసుకున్నాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను."

తొట్టి మీద కుళాయి సరిగ్గా కట్టలేదు. నీళ్ళు చుక్కలుగా పడుతున్నాయి. ఎవరూ లేచి కట్టలేదు.

"మేము సీసాలు కడిగేటప్పుడు బ్లీచింగ్ నీళ్ళు పోస్తే కంపు చచ్చిపోతుంది. అలవాటే కదా. గదిలో పెడితే గదిలో కంపూ చస్తుంది, ఆయన ఒంటికి అంటదు అనుకున్నాను. చచ్చింది కూడా. పిల్ల మళ్ళీ పక్కన పడుకుంది." ఆగి, కెమిస్టమ్మను చూసింది. "తప్పా మేడమ్? కంపు పోగొట్టడం తప్పా?"

చెప్పడం ఇష్టం లేనివాళ్ళు ముందు కళ్ళజోడు తుడుచుకుంటారు. కెమిస్టమ్మ కూడా తుడుచుకుంది.

"గంధకానికి మామూలుగా రెండు చేతులనుకో," అంది చివరికి. "రెండు చేతులతో రెండు ముక్కల్ని పట్టుకుని ఉంటే అది కంపు నీళ్ళు. తేలిక. ఇట్టే గాల్లోకి లేస్తుంది, అందుకే అంత కంపు. బరువు నీళ్ళు కలిపితే దానికి మూడో ముక్క అంటుకుంటుంది. మోయలేని మోత అది. మూడోది ఎక్కగానే దాని మీద ప్లస్ చార్జి పడుతుంది. చార్జి పడ్డది ఒంటరిగా ఎగరలేదు. మైనస్ చార్జి ఉన్న అయోడిన్‌కి, అదీ బరువు నీళ్ళలోంచి వచ్చిందే, అతుక్కుని గడ్డకడుతుంది. అదే మన ఉప్పు. గాల్లోకి లేవదు గనక వాసన ఉండదు."

"ఇవన్నీ మాకెందుకు మేడమ్?" అంది అక్క.

"వినండక్కా. ఆ కాపురం వేడి తగలనంత వరకే. వేడెక్కిస్తే అతుక్కున్న అయోడినే ఆ మూడో ముక్కను లాక్కుని పోతుంది. ఉప్పు విరిగి మళ్ళీ రెండు నీళ్ళవుతుంది, కంపువీ బరువువీ. రెండూ ఆవిరై గదినిండా ఉంటాయి. మొన్న సరుకు త్వరగా పంపాలని యజమాని వేడి పెంచమన్నాడు. నేను వద్దన్నాను. నేను అన్నానికి ఇంటికెళ్ళాక పెంచారు. అందుకే ఆయనకు తాగుడు గుర్తొచ్చింది."

"అయితే కంపు రావాలి కదా?"

"రావాలి. గేటు దాకా రావాలి. అది వస్తే ముక్కాయన ఊహూఁ అనేవాడు, తలుపు తీసేవాళ్ళు కాదు. కంపు మనిషిని తరుముతుంది గాని చంపదు. చంపేది రెండోది. బరువు నీళ్ళ ఆవిరి. అది ఒంట్లోకి పోతే ఆ ముక్కను దొరికినదానికల్లా అంటిస్తుంది. నరాలకూ మెదడుకూ కూడా. తాగినవాడిలా తూలుతారు. మాట తడబడుతుంది." కెమిస్టమ్మ బేసిను వైపు చెయ్యి చూపింది. "బ్లీచింగ్ నీళ్ళు కంపును తినేస్తాయి. రెండోదాన్ని ముట్టుకోవు."

గదిలో అందరికీ అర్థమైపోయింది. అర్థం కానట్టు నిలబడింది మరదలొక్కతే. తర్వాత ఆమె కూడా మెల్లగా నేల మీద కూర్చుంది.

"అంటే నేనే..."

"వాడింకా బతికే ఉన్నాడు. అప్పుడే ఏడుపులు మొదలెట్టకు," అంది అక్క. కసిరినట్టే అంది. కాని చెయ్యి మాత్రం వెళ్ళి మరదలి తల మీద పడింది. పడ్డ చెయ్యిని ఏం చెయ్యాలో తెలియక కాసేపు అలాగే ఉంచింది.

అలాగని నమ్మిందా అంటే, లేదు. ఏడుపు నిజమే. కథ కూడా నిజంలాగే ఉంది. కాని అక్క వారం నుంచి నిజంలాగే ఉన్న కథలు చాలా విన్నది.

"మొన్న కూడా పొద్దున్నే పెట్టావా?"

"పొద్దున్నే. వేడి పెట్టక ముందు."

"మళ్ళీ మధ్యాహ్నం వెళ్ళావా?"

"లేదు."

"మధ్యాహ్నం ఎక్కడున్నావ్?"

"ఇక్కడే. సీసాలు కడుగుతూ."

"ఎవరున్నారు తోడు?"

మరదలు తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కాని చూపు సూటిగా ఉంది. "సీసాలు. కావాలంటే వాటిని అడగండి."

కెమిస్టమ్మ లేచింది. "అక్కా, ఇక్కడ కాదు. ముందు డాక్టరుకు చెప్పాలి. తాగి పడ్డాడనుకుని వైద్యం చేస్తుంటే మనిషి దక్కడు. ఏ ఆవిరో వాళ్ళకు తెలియాలి. ఇదిగో, మిథైల్ అయోడైడ్ అని చెప్పండి. మర్చిపోకండి."

అక్క ఆ పేరు నోట్లోనే నాలుగుసార్లు నమిలింది. గుమ్మం దాటబోయి ఆగింది.

"నువ్వూ రా," అంది మరదలితో.

"నేనెందుకు? నా మొహం చూసి ఏం చేస్తారు?"

"నా కళ్ళ ముందుంటావు. అందుకు."

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. వాళ్ళ వెనక సీట్లో ఒక పెద్దమనిషి కాసేపు కూర్చుని, కిటికీ తెరిచి, తర్వాత లేచి ముందుకెళ్ళి కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. సీటు ఖాళీగానే ఉంది. అలా లేచి పోయేవాళ్ళు ఇన్నేళ్ళలో ఎంతమంది ఉన్నారో అక్క ఎప్పుడూ తిరిగి చూడలేదు. ఇవాళ చూసింది. మరదలు కిటికీ బయటకు చూస్తోంది.

ఆసుపత్రి వరండాలో డాక్టరు ఎదురుపడ్డాడు. మెళ్ళో గొట్టం, చేతిలో సగం తాగిన టీ గ్లాసు. మరదల్ని నర్సు పిలిచింది, మందులు తెమ్మని చీటీ ఇచ్చి కిందికి పంపింది. అక్క డాక్టరుకు అడ్డం పడింది.

"డాక్టరుగారూ, మావాడు తాగలేదండీ. ఆవిరి పీల్చాడు. మిథైల్... మిథైల్ అయోడైడ్."

తను చెప్పగానే ఆయన పరిగెడతాడని, నర్సుల్ని కేకేస్తాడని అక్క దారంతా అనుకుంది. ఆయన టీ ఒక గుక్క తాగాడు.

"తెలుసమ్మా. మొదటి రోజు నుంచీ ఆ వైద్యమే చేస్తున్నాం. అందుకే ఇవాళ్టికి ఉన్నాడు. కళ్ళకి ఒకటి రెండుగా కనబడుతోంది, అది మెల్లగా తగ్గాలి."

"తెలుసా? ఎవరు చెప్పారు?"

"మీవారే. ఆ ముక్కు..." డాక్టరు కొంచెం మొహమాటపడ్డాడు, "అంటే, వాసన చూసేది ఆయనే కదా. తెచ్చిన వెంటనే నన్ను పక్కకు పిలిచి చెప్పారు. కన్నం దగ్గర తియ్యటి వాసన కొట్టింది, బరువు నీళ్ళ ఆవిరి అయ్యుంటుంది అని. ఆయన చెప్పకపోతే మేము కూడా తాగాడనే అనుకునేవాళ్ళం. మీకు చెప్పలేదా?"

డాక్టరు వెళ్ళిపోయాడు. అక్క గోడకు ఆనుకుంది.

ఫ్యాక్టరీలో అందరి ముందూ, ఏ వాసనా లేదు. ఇక్కడ డాక్టరు దగ్గర, తియ్యటి వాసన. ఒకే ముక్కు, రెండు మాటలు. ఒక మాట తమ్ముణ్ణి బతికించింది. రెండోది ఎవరిని బతికించడానికి?

పన్నెండేళ్ళ కాపురం. ఆ ముక్కు కోసం ఆమె తలకు వాసన నూనె రాయడం మానేసింది, పౌడరు మానేసింది. ఉల్లిపాయ లేకుండా కూర వండటం నేర్చుకుంది. పక్కింట్లో పాలు పొంగితే పొయ్యి దగ్గరున్నవాళ్ళకన్నా ముందు ఆయనకే తెలిసేది. "మీ ఆయన ముందు అబద్ధం కూడా వాసన కొడుతుందేమో" అని చుట్టాలు నవ్వేవాళ్ళు. ఆయన చెప్పే అబద్ధం సంగతి ఎవరూ అనుకోలేదు. ఆమె కూడా.

వార్డులోకి వెళ్ళేసరికి ముక్కాయన అక్కడే ఉన్నాడు. తమ్ముడి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తడిగుడ్డతో వాడి పెదాలు తుడుస్తున్నాడు. అంత శ్రద్ధగా ఆయన ఇంట్లో ఎవరికీ చేయలేదు. తమ్ముడు కళ్ళు సగం తెరిచి పైకప్పును చూస్తున్నాడు.

"మధ్యాహ్నం పని మానుకుని వచ్చారే," అంది.

"నువ్వూ మానుకునే వచ్చినట్టున్నావ్." తల తిప్పకుండానే అన్నాడు. "బ్లీచింగ్ ముట్టుకున్నావేంటి? వేళ్ళకు కొడుతోంది."

అక్క చెయ్యి వెనక్కి పెట్టుకుంది. పెట్టుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"డాక్టరు చెప్పాడు. తియ్యటి వాసన సంగతి."

గుడ్డ ఆగింది.

"ఎప్పుడు కొట్టింది మీకు ఆ వాసన? తలుపు తీయకముందా, తీశాకా?"

"తీయకముందే."

"అయినా ఊఁ అన్నారా?"

"అనలేదు. ఊహూఁ అన్నాను. వెళ్ళకురా, లోపల ఇంకేదో ఉంది అన్నాను. చెయ్యి పట్టుకున్నాను కూడా. తోసేసి వెళ్ళాడు."

"ఎందుకు? వాడికేం పిచ్చా?"

ఆయన గుడ్డను మడత పెట్టాడు. మడత పెట్టిందాన్ని మళ్ళీ విప్పాడు. "నువ్వు లోపల పడిపోయి ఉన్నావన్నాడు. 'అక్క లోపలుంది బావా' అంటూ పరిగెత్తుకొచ్చాడు. ఎవరో చెప్పారట."

"నేనా? నేను ప్యాకింగ్‌లో అన్నం తింటున్నాను!"

"తెలుసు."

ఆ 'తెలుసు' అన్న మాట ఆయన నోట మరీ తాపీగా వచ్చింది.

"నేను లోపల ఉన్నానని విని వాడు పరిగెత్తాడు. మీరూ విన్నారు. మీరెందుకు వెళ్ళలేదు?"

పక్క మంచం మీద ముసలాయన దగ్గాడు. ఆ దగ్గు పూర్తయ్యేదాకా ఇద్దరూ ఆగారు, ఏదో దానికి మర్యాద ఇస్తున్నట్టు.

"లోపల నువ్వు లేవు," అన్నాడు. "ఉంటే నాకు తెలిసేది. కన్నం దగ్గర బ్లీచింగ్ ఉంది, తియ్యటి వాసన ఉంది, నీ వాసన లేదు. పన్నెండేళ్ళ నుంచి నీ పక్కన పడుకుంటున్నాను. నూనె లేకుండా, పౌడరు లేకుండా. నీ వాసన నాకు తెలీదా?"

ఇంకో రోజయితే ఆ మాటకు ఆమె ముఖం వెచ్చబడేది. ఇవాళ ఆ మాటను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, బజారులో పుచ్చిన వంకాయను చూసినట్టు. నిజమై ఉండొచ్చు. భయపడి వెనక్కి తగ్గినవాడు తర్వాత తీరిగ్గా కల్పించుకున్నదీ కావచ్చు. అంతకన్నా చెడ్డదీ కావచ్చు. నెల కిందటే కదా తమ్ముడు అందరి ముందూ అన్నాడు, "బావ ముక్కు మీద మా ప్రాణాలేంటి, గోడకో మిషను పెట్టించండి" అని. ఆ రోజు ముక్కాయన ఇంటికి వచ్చి అన్నం తినలేదు.

"మరి అందరి ముందూ ఏ వాసనా లేదని ఎందుకన్నారు?"

"నువ్వు ఇప్పుడు అడిగినదే వాళ్ళూ అడుగుతారు కాబట్టి. పెళ్ళాం లోపలుందంటే నువ్వెందుకు వెళ్ళలేదురా అని. నా ముక్కు చెప్పిందంటే ఎవడు నమ్ముతాడు? నువ్వే నమ్మట్లేదు."

స్టూలు మీంచి లేచాడు. నీళ్ళు తెస్తానని గుమ్మం వైపు నడిచాడు. సరిగ్గా అప్పుడే మరదలు మందుల పొట్లంతో మెట్లెక్కి వచ్చింది. ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడ్డారు. "ఆయన ఎలా ఉన్నారు అన్నయ్యగారూ?" అందామె. ఆయన "ఇప్పుడే కళ్ళు తెరిచాడు చెల్లెమ్మా" అన్నాడు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి మంచం వైపు చూశారు.

అక్క మణికట్టు మీద ఏదో పాకినట్టయింది. తమ్ముడి వేళ్ళు. బలం లేదు వాటిలో, ఊరికే ఆనించి ఉన్నాయి.

"క్కా..."

అక్క వంగి చెవి వాడి నోటి దగ్గర పెట్టింది.

"నువ్వు... బావున్నావా?"

మంచాన ఉన్నది వాడు. నోరు తిరిగాక మొదట అడిగింది అది. అక్క వాడి దుప్పటి సర్దింది. ఏడవడానికి తర్వాత బోలెడు తీరిక దొరుకుతుంది.

"నాకేం కాలేదురా. నేను అసలు ఆ గదిలోనే లేను. నేను లోపల పడ్డానని నీకు ఎవరు చెప్పారు?"

తమ్ముడి పెదాలు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ కదిలాయి. నాలుక ఎక్కడో తగులుకుంది. చెమట పట్టింది నుదుటి మీద.

"మాట వద్దు. చూపించు. ఇక్కడున్నారా?"

కళ్ళు మెల్లగా గుమ్మం వైపు తిరిగాయి. ఆ కళ్ళకు ఇప్పుడు ఒక్కో మనిషి ఇద్దరు. గుమ్మంలో ఇద్దరుంటే నలుగురు. తమ్ముడు కళ్ళు చిట్లించాడు, మూశాడు, తెరిచాడు. చెయ్యి దుప్పటి మీంచి లేచింది. వణుకుతూ వేలు చాపాడు. ఆ వేలు వెళ్ళి అక్క మొగుడికీ మరదలికీ మధ్య ఉన్న జానెడు ఖాళీ మీద ఆగింది.

మందుల పొట్లం కాగితం చిన్నగా చప్పుడయింది.

అప్పుడు ఆ ఇద్దరిలో ఒకరు, అర అడుగు పక్కకు జరిగారు.

వేలు కూడా జరిగింది, ఆ మనిషి వెంటే.

ఎవరు జరిగారో అక్క చూసింది. తమ్ముడి చేతిని రెండు చేతులతో పట్టుకుని దుప్పటి కిందకు దించింది. తర్వాత మంచానికీ గుమ్మానికీ మధ్య వచ్చి నిలబడింది. ఎవరో మనకు తెలిసే వచ్చే వారం దాకా, పాపం, ఆమె అక్కడే నిలబడి ఉంటుంది.